ఒక్క పేరుకు రెండు జవాబులు

ఆ ఉదయం అక్క అన్నం డబ్బా చేతికిస్తూ, "మీటింగులో ఎదురు మాట్లాడకు. స్విచ్‌లు సరిగా పెట్టలేదని ఒప్పేసుకో. మిగతాది మీ బావ చూసుకుంటాడు," అంది. నాకు ఒళ్లు మండింది. చేయని తప్పు ఒప్పుకోవడానికి నాకేమన్నా పిచ్చా? అయినా అక్క కదా అని నోరు మూసుకుని చెప్పులు వేసుకున్నాను.

నూనె సీసాలు నింపే ఫ్యాక్టరీలో నాది నెట్‌వర్క్ పని. బావ అక్కడే ఎలక్ట్రికల్ ఇన్‌చార్జి. నాకీ ఉద్యోగం ఇప్పించిందీ, తన ఇంట్లో ఒక గది ఇచ్చిందీ ఆయనే. సీసాల లైనులో యంత్రాలను ఒకదానితో ఒకటి మాట్లాడించే పాత నెట్‌వర్క్ స్విచ్‌లు తీసి కొత్తవి పెట్టింది మాత్రం నేను. అప్పటినుంచి సీసాలకు మూతలు బిగించే మోటారు ఉన్నట్టుండి నెట్‌వర్క్‌లోంచి మాయమవుతోంది. లైను మొత్తం ఆగిపోతోంది. కాసేపయ్యాక ఏమీ ఎరగనట్టు తిరిగొస్తోంది. ఏం ముట్టుకున్నారని అడిగితే ఎవరికీ ఏమీ తెలియదు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ! మధ్యాహ్నం మీటింగులోగా కారణం తేలకపోతే నా స్విచ్‌లు పీకేస్తారు, వాటితోపాటు నన్నూ.

స్విచ్‌లున్న కేబినెట్ తలుపు తీసి, లైనును నడిపే కంట్రోలర్ వైరు తగిలించిన పోర్టులో నడిచే ప్రతి మాటకూ నకలు నాకు పంపమని స్విచ్‌కు చెప్పి, ల్యాప్‌టాప్ తగిలించి నేలమీద కూర్చున్నాను. వీటి పద్ధతి సులువే. కంట్రోలర్ మోటార్లను నడిపే ప్రతి పెట్టెనూ పేరు పెట్టి పిలుస్తుంది. ఆ పేరున్న పెట్టె పలకాలి. లెక్క తప్పితే లైను ఆపేస్తుంది.

టీ వేళకు లైను మళ్లీ ఆగింది. "కొత్త స్విచ్‌లు అడుగుపెట్టిన వేళావిశేషం," అన్నాడు ఆపరేటర్, నాకు వినపడేలాగానే.

నేను తెర మీంచి కళ్లు తిప్పలేదు. కంట్రోలర్ మూతల మోటారును పిలిచింది. ఇద్దరు పలికారు. ఒకే పేరు, ఒకే చిరునామా. ఒక జవాబు మోటారు నుంచి, రెండోది ఎనిమిదో పోర్టు నుంచి.

ఖాళీ పోర్టులన్నీ మూసేయడం మా పనిలో అలవాటు. నేనూ మూశాను, ఆ ఎనిమిదోది తప్ప. "ఎప్పుడైనా అవసరం పడుతుంది, ఒకటి వదిలెయ్," అన్నాడు బావ. అడిగింది పరాయివాడైతే వదిలేదాన్నా?

ఆ పోర్టు వైరు వెంబడే నడిచాను. అది పైపుల వెనక నక్కుతూ వెళ్లి బావ వర్క్‌షాపులో తేలింది. బల్లమీద మూతల మోటారును నడిపేలాంటిదే ఇంకో విడి డ్రైవ్ పెట్టె, పచ్చ లైటు వెలుగుతోంది. పక్కన బావ టీ తాగుతున్నాడు. అసలుది పాడైతే వెంటనే మార్చేయొచ్చని మా ఎలక్ట్రీషియన్లు విడి పెట్టెలకు కూడా అదే పేరూ చిరునామా ముందే పెట్టి ఉంచుతారు. షెల్ఫులో ఉన్నంతకాలం దానితో గొడవ లేదు. నడిచే లైనుకు తగిలిస్తేనే కొంప మునుగుతుంది.

"బావా, లైనును ఆపుతున్నది ఇదే," అన్నాను. ఆయనకు తెలియదనే అనుకున్నాను, పిచ్చిదాన్ని.

"తెలుసు. మొదటిసారి పొరపాటే, పని చేస్తుందో లేదో చూద్దామని తగిలించాను. రెండోసారి అర్థమైంది."

"మరి ఇవాళ?"

గ్లాసు కింద పెట్టాడు. "లైను ఉన్నట్టుండి ఆగడం మానేస్తే, ఎందుకు మానిందని తవ్వుతారు. నీ స్విచ్‌లు పీకేశాక మానిందనుకో, తప్పు వాటి మీదికి పోతుంది. చెప్పాపెట్టకుండా లైనుకు వైరు లాగానని తెలిస్తే ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు? నువ్వు చిన్నదానివి, ఇంకోటి దొరుకుతుంది."

"అక్కకు తెలుసా?"

"మీ అక్కే అంది, నువ్వయితే అర్థం చేసుకుంటావని."

కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోను? ఆయన ముందు ఏడవకూడదని వైరు పీకేసి, పెట్టెను చంకన పెట్టుకున్నాను.

"తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?" అన్నాడు వెనక నుంచి.

మీటింగులో మేనేజర్ నోరు తెరవకముందే బావ లేచాడు. "మా మరదలు సార్. చిన్నపిల్ల, తెలియక చేసింది. నా ముఖం చూసి వదిలేయండి." ఎంత ప్రేమగా అన్నాడో! నేను నోరు విప్పనని ఆయనకంత నమ్మకం.

పెట్టె తీసి బల్లమీద పెట్టాను. "సార్, ఒకే పేరుతో రెండు పెట్టెలున్నాయి. ఒకటి లైనులో ఉంది. రెండోది ఇది, మా బావ వర్క్‌షాపులో దొరికింది. దీన్ని తగిలిస్తే లైను ఆగుతుంది. రండి, చూపిస్తాను."

చూపించాను. తగిలిస్తే ఆగింది, తీసేసి మళ్లీ మొదలుపెడితే నడిచింది. మేనేజర్ బావను తన గదిలోకి పిలిచి తలుపు వేసుకున్నాడు.

నేను కేబినెట్ దగ్గరికి వెళ్లి ఎనిమిదో పోర్టు మూసేస్తుంటే ఫోన్ మోగింది. అక్క. "ఒప్పుకున్నావా?" అంది. ఏమైందే అని కాదు.

"లేదక్కా. లోపల బావ ఒప్పుకుంటున్నాడు."

అవతల బీరువా తలుపు తీసిన చప్పుడు వినిపించింది.

"సాయంత్రానికి నీ సామాన్లు సర్ది ఉంచుతాను," అంది. "ఆ అన్నం డబ్బా మర్చిపోకుండా తీసుకురా."

నేనింకా దాని మూత కూడా తీయలేదు.