స్టాడ్‌మన్ గారి ప్రసూతి వార్డు

నాతోపాటు హోటల్ గదులు శుభ్రం చేసే ఒజెల్లా పదకొండో అంతస్తు వరండాలో పడిపోవడం నేను కళ్లారా చూశాను. ఆరో నెల. దుప్పట్ల బండి పట్టుకుని అలాగే జారిపోయింది. తెల్ల యూనిఫాం మీద నెత్తురు. పరుగున వచ్చిన సూపర్‌వైజర్ డార్బీ మొదట చూసుకున్నది తివాచీని.

"గెస్టులు లేచే వేళ. సర్వీసు లిఫ్టులో దించండి. ఇంకా నాలుగు గదులున్నాయి, ఎవరు చేస్తారు?" అంది.

పొద్దున్నే నడుం నొప్పని ఒజెల్లా సెలవడిగింది. వెళితే మళ్లీ రానక్కర్లేదన్నది ఈ డార్బీయే.

బిడ్డ దక్కలేదు.

మా సిల్వర్ లాంటర్న్ హోటల్ యజమాని వర్జిల్ స్టాడ్‌మన్ పేరు లాస్ వెగాస్‌లో తెలియనివాళ్లు లేరు. ఒకప్పుడు దొంగసారా లారీ తోలినవాడు ఈ ఎడారికొచ్చి, జూదపు బల్లలు వేసి కోటీశ్వరుడయ్యాడు. ఇప్పుడు ధర్మప్రభువు. బడికి ఆయన పేరు, లైబ్రరీకి ఆయన పేరు. లూసియానా పత్తి చేలు వదిలొచ్చి ఊరి పడమటి వాడ వెస్ట్‌సైడ్‌లో ఇరుక్కుని బతికే మా నల్లవాళ్ల చర్చికి పైకప్పూ ఆయన వేయించిందే. నాలుగేళ్ల కిందటి దాకా, అంటే 1960 వరకు, తన హోటల్లో నల్లవాళ్లకు గది ఇచ్చేవాడు కాదు. యూనియన్ పేరెత్తినవాళ్లని మాత్రం ఇప్పటికీ ఉండనివ్వడు.

మూడు వారాలకు కబురొచ్చింది. స్టాడ్‌మన్ తన తల్లి పేరిట ఆసుపత్రిలో ప్రసూతి వార్డు కట్టించాడట. ప్రారంభం రోజున గదులు శుభ్రం చేసే ఆడవాళ్లం ఉతికిన యూనిఫాంలో ఆయన వెనక నిలబడాలట. ఫోటోలకి.

ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరమూ లేవలేదు. చర్చిలోనే మీటింగు.

"ఈ కప్పు ఆయన వేయించిందేనమ్మా, గుర్తుంచుకోండి," అన్నాడు పాస్టర్ టాలీ.

"మన నడుములు విరిచి వేయించాడు!" మాలో పెద్దది ఎర్లీన్ లేచింది. "మన రెక్కల కష్టం లాక్కుని, అందులో పిడికెడు మనకే దానం చేసి, మనచేతే దణ్ణం పెట్టించుకుంటున్నాడు."

"పని పోతే పిల్లలకేం పెడతావే?" వెనకనుంచి ఎవరో.

"ఇప్పుడేం పెడుతున్నావ్? గెస్టులు కొరికి వదిలేసిన రొట్టె!"

గోల మధ్య ఒజెల్లా మెల్లగా లేచింది. "నేను వెళ్తాను. తల్లుల కోసం కట్టాడటగా. చూడొద్దూ?"

అందరం వెళ్లాం.

స్టాడ్‌మన్ మైకు ముందు నిలబడ్డాడు. "మా అమ్మ ఊరివాళ్ల బట్టలుతికి నన్ను పెంచింది. ఏ తల్లీ దిక్కులేకుండా నొప్పులు పడకూడదు," అని కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే ఏడ్చాడు. నాకు అదే ఎక్కువ మండింది.

ఒజెల్లా ముందుకు నడిచింది.

"అయ్యా, కడుపుతో ఉన్న మీ అమ్మగారు నడుం నొప్పంటే, ఆ ఊరివాళ్లు పనిలోంచి తీసేస్తామన్నారా?"

"ఎవరమ్మా నువ్వు?"

"తొమ్మిదేళ్లుగా మీ హోటల్లో పక్కలు సర్దుతున్నాను. మొన్న నా బిడ్డ మీ వరండాలో పోయింది."

డార్బీ ఆమె చెయ్యి పట్టి లాగింది. అంతే, మేమంతా వార్డు గుమ్మంలో అడ్డంగా కూర్చున్నాం. పోలీసులు ఒక్కొక్కరినీ ఈడ్చి వ్యానెక్కించారు. ఇరవై ముగ్గురం జైలుకెళ్లాం.

మర్నాడు పొద్దున పోలీసు పెద్ద షెరీఫ్ వచ్చి జైలు తలుపు తీశాడు. "స్టాడ్‌మన్ గారు దయగల మనిషి. కేసు వద్దన్నాడు. పేపరువాళ్లతో బయట నిలబడ్డాడు. ఆయన చెయ్యి పట్టుకుని కృతజ్ఞతలు చెప్పి ఇళ్లకెళ్లండి."

ఒక్కరూ కదల్లేదు.

"ఈ దానం మాకొద్దు," అంది ఎర్లీన్. "మా యూనియన్‌ని ఒప్పుకుంటున్నానని కాగితం మీద సంతకం పెట్టి తెమ్మను. మా కాళ్లతో మేమే వస్తాం."

"గెంటించేస్తాను!"

"గెంటించు. పేపరువాళ్లున్నారన్నావుగా."

షెరీఫ్ గడప దగ్గరే ఆగిపోయాడు.

మధ్యాహ్నానికి హోటల్ వంటవాళ్లు, గిన్నెలు కడిగేవాళ్లు, లాండ్రీవాళ్లు పని ఆపేసి జైలు ముందుకొచ్చారు. అందరికన్నా ముందు పాస్టర్ టాలీ, చెమటతో తడిసిన చొక్కాలో.

"మాకూ చోటుందా లోపల?" అని కిటికీకేసి అరిచాడు.

ఒజెల్లా బల్ల మీద పక్కకి జరిగింది. "రండి, సర్దుకుందాం!" అని గొంతెత్తి పిలిచింది.