చావు సెలవు

పోలరాజు వాళ్ళ నాయనమ్మ మూడుసార్లు చచ్చిపోయింది. మొదటిసారి నిజంగానే, ఇచ్ఛాపురంలో, వాడికి పన్నెండేళ్ళప్పుడు. మిగతా రెండుసార్లూ జంషెడ్‌పూర్‌లో, కాంట్రాక్టు కంపెనీ సెలవు కాగితం మీద.

తప్పంతా వాడిదే అనడానికి లేదు. ప్లాంటు లోపల క్రేను కొక్కేనికి లోడు తగిలించే పని వాడిది. వారానికి ఒక్కరోజు కాక పైన సెలవు కావాలంటే ఇంట్లో ఎవరైనా పోవాలి, పోయినవాళ్ళ పేరూ వరసా కాగితం మీదికి ఎక్కాలి. పెళ్ళికి ఇవ్వరు, జ్వరానికి ఇవ్వరు, చావుకి మాత్రం మర్యాదగా రెండు రోజులిస్తారు. అందుకని తాతనీ, నాయనమ్మనీ, మేనత్తనీ వరసగా మళ్ళీ మళ్ళీ చంపుకుంటూ వచ్చాడు. చచ్చినవాళ్ళని చంపితే పాపమేముంది అనుకున్నాడు.

ఆ పేర్లన్నీ అరిగిపోయాక చిక్కొచ్చింది. కిందటేడు ఖరగ్‌పూర్‌లో స్నేహితుడి పెళ్ళికి వెళ్ళడానికి, నిక్షేపంగా బతికున్న చిన్న మావయ్య పేరు రాయించాడు. సరిగ్గా తొమ్మిదో రోజున ఊరినించి ఫోనొచ్చింది, మావయ్య పోయాడని. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, పైగా ఆయాసం. కాకి వాలడమూ తాటిపండు పడడమూ ఒకేసారి జరిగాయిలే అని సర్దిచెప్పుకున్నాడు.

అక్క సింహాచలమ్మకి ఒక్కర్తెకే ఆ సంగతి చెప్పాడు. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది ఆవిడే. భర్త పోయాక భుయ్యాడీహ్‌లో వాడింట్లోనే ఉంటోంది. బియ్యం ఏరుతున్నదల్లా చేట పక్కన పెట్టింది.

"సందేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారురా. మనవేటంటే అదే అవుద్దంటారు. పోయినోల జోలికెల్లినా పర్నేదు, ఉన్నోల జోలికెల్లకు నాయనా."

"అలాగే అప్పా" అన్నాడు. అన్నాడంతే.

జనవరిలో డిమ్నా చెరువు దగ్గర స్నేహితులంతా పిక్నిక్ పెట్టుకున్నారు. మటన్ పోలరాజే వండాలన్నారు. ఆ పొగడ్తకి ఉబ్బిపోయి, షిఫ్టు దిగగానే, పొద్దు గుంకుతున్న వేళ, గేటు పక్క ఆఫీసులో సూపర్‌వైజరు సౌరభ్ ముందు నిలబడ్డాడు.

"ఇస్ బార్ కౌన్?" ఈసారి ఎవరు, అన్నాడు సౌరభ్ తలెత్తకుండానే.

మళ్ళీ నాయనమ్మంటే దొరికిపోతాడు. ఎవరి పేరు చెప్పాలా అని వాడింకా ఆలోచిస్తుండగానే నోరు తన పని కానిచ్చేసింది.

"బడీ దీదీ. సింహాచలమ్మ."

పొద్దున్న వాడికి అన్నం కట్టిచ్చిన అక్క. రోజూ నాలుక మీద ఆడే పేరు కాబట్టే ముందుగా ఊడిపడింది. సౌరభ్ కలం ఆగింది. ఆ అక్కే పెంచిందని ఎప్పుడో విన్నాడు. లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి కింద పోలరాజు తల దించుకుని నిలబడ్డాడు.

మటన్ బాగా కుదిరింది. సిగ్గులేకుండా మూడుసార్లు వడ్డించుకున్నాడు.

ఆ పేరు చెప్పిన నాలుగో రోజు అక్కకి జ్వరం వచ్చింది. ఆరో రోజుకి ఆస్పత్రిలో చేర్చారు, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు. ఏడో రోజు ముక్కుకీ నోటికీ ఆక్సిజన్ తొడిగారు. పోలరాజు మంచం పక్కన కూర్చుని వేళ్ళు మడిచి చూసుకున్నాడు. ఎల్లుండి తొమ్మిదో రోజు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం తవిటయ్య వచ్చాడు. వాళ్ళ సందు చివర సైకిళ్ళు బాగుచేసే ముసలాయన. ఎప్పుడో టెక్కలి వైపునించి వచ్చి, నా అన్నవాళ్ళు లేకుండా ఒంటిగా ఉండిపోయాడు. ఫ్లాస్కులో గంజి తెచ్చాడు.

"నువ్వెల్లి కాసేపు నడుం వాల్చు నాయనా. అప్ప కాడ నానుంటాను."

పోలరాజు నడుం వాల్చలేదు. తిన్నగా ప్లాంటు గేటు దగ్గరికి పోయాడు. వెళ్ళేసరికి సందెచీకటి పడుతోంది. అక్క పోలేదు సర్, ఆ పేరు కొట్టెయ్యండి అని హిందీలో బతిమాలాడు.

సౌరభ్‌కి ఒళ్ళు మండింది. బతికున్న మనిషికి చావు సెలవు తీసుకుంటే గేటు పాసు లాగేసుకుంటానన్నాడు. కంగారులో పేరు తప్పు చెప్పానంటే సరే, దిద్దుతాను, అన్నాడు. "తో కౌన్ మరా?" మరి పోయిందెవరు?

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. ఎవరూ పోలేదు సర్, మటన్ వండడానికి వెళ్ళాను అంటే ఉద్యోగం పోయేది. ఉద్యోగమే కదా. కానీ పోలరాజు ఆ మాట అనలేదు. పేర్లు వెతికాడు. పెద్ద మావయ్య, వద్దు. పక్కింటాయన, పిల్లలు చిన్నవాళ్ళు. మనుషుల్ని తూకం వేస్తున్నానని వాడికి తెలుస్తూనే ఉంది, అయినా వేశాడు. ఎవరు పోతే ఎవరూ ఏడవరో ఆ మనిషి దగ్గర తూకం ఆగింది.

"బడే పాపా" అన్నాడు. పెదనాన్న అని. "నామ్, తవిటయ్య."

మర్నాడు పొద్దున్న సింహాచలమ్మ ఆక్సిజన్ తీయించుకుని కళ్ళు విప్పింది. "కూసింత పెరుగన్నం తెత్తావేటిరా?" అంది. పోలరాజు వరండాలోకి పోయి ఏడ్చాడు. సంతోషంతోనే ఏడ్చాడు. ఆ సంతోషానికి వాడు తర్వాత ఎంత సిగ్గుపడ్డాడో వాడికే తెలుసు.

ఆ రోజునించీ తవిటయ్యని కనిపెట్టుకుని ఉన్నాడు. కొత్త దుప్పటి కొనిచ్చాడు. వద్దు మొర్రో అంటున్నా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. గుండె గట్టిగానే ఉందన్నాడు డాక్టరు. ఒక సాయంత్రం పోలరాజు మళ్ళీ ఆఫీసు గుమ్మం దాకా వెళ్ళాడు కూడా. ఈ పేరు కొట్టిస్తే ఇంకో పేరు చెప్పాలి. వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

"కన్నకొడుకైనా ఇంతలా సూడ్డురా" అన్నాడు తవిటయ్య ఆ రాత్రి అన్నం తింటూ. పోలరాజు ఆయన కంచంలో ఇంకో గరిటె కూర వేశాడు.

ఆ పేరు రాయించిన తొమ్మిదో రోజు పొద్దున్న సైకిల్ షాపు తలుపు తెరుచుకోలేదు. తోసి చూస్తే ముసలాయన మంచం మీద, ఆ కొత్త దుప్పటిలో, నిద్రలోనే పోయి ఉన్నాడు.

సింహాచలమ్మ ఇంకా నీరసంగానే ఉంది. గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి చూసింది. "ఆయనకెవులున్నారు? నువ్వే కొరివెట్టాల. డూటీకాడ సెప్పేసి రా" అంది.

వెళ్ళి చెప్పాడు. సౌరభ్ పాత కాగితం తీసి, ఆ పేరు మీద వేలు పెట్టి చూపించాడు. "యే తో పెహ్‌లే హీ మర్ చుకా హై." వీడు ముందే చచ్చాడుగా, ఒక్క మనిషిని ఎన్నిసార్లు చంపుతావ్, అని నవ్వాడు. ఇంకెవరైనా ఉంటే పేరు చెప్పు, రాస్తాను, అని కలం పట్టుకుని కూర్చున్నాడు.

బయట పట్టపగలు. అయినా పోలరాజు ఇంకో పేరు చెప్పలేదు. మెడలోని గేటు పాసు తీసి బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాడు. పదిహేడు రోజుల కిందట చేయవలసిన పని అది.

తిరిగొచ్చేసరికి పాడె కట్టేశారు. సింహాచలమ్మ నిప్పుకుండ వాడికి అందించింది.

"సెలవిచ్చినారేటిరా?"

"ముందే తీసేసుకున్నానప్పా."

ఆవిడకి అర్థం కాలేదు. "మంచి పని సేసినావు నాయనా" అని వాడి తల నిమిరింది.