భట్టీ నలుపు

మా ఆయన బంగార్రాజు నల్లబడిపోతున్నాడని మొదట అన్నది వీధిలో వాళ్ళు కాదు, నేనే. అన్నానే గాని పట్టించుకోలేదు, తప్పు నాదే. స్టీలు ప్లాంటులో ఇనుం కరిగించే భట్టీ కాడ పాతికేళ్ళు పనిచేసిన మనిషి నల్లబడక తెల్లబడతాడేటి? మా సెక్టర్ 6లో ఏ క్వార్టరు తలుపు కొట్టినా అలాంటోడు ఒకడుంటాడు.

ఉప్పు సంగతీ అంతే. భట్టీ వేడికి చెమటతో ఉప్పంతా పోతుందని మజ్జిగలో ఇంత ఉప్పేసుకుని తాగడం వాళ్ళకి అలవాటు. కానీ ఈ ఏడాది ఈయన ఆవకాయలో కూడా ఉప్పు అద్దుకోవడం మొదలెట్టేడు. నా వంటకి వంక పెడుతున్నాడనుకుని నాకు ఒళ్ళు మండిపోయింది. రెండ్రోజులు మాటాడలేదు. మాటాడ్డం లేదని ఆయనకి తెలిసినట్టే లేదు, అది ఇంకా మంట.

అసలు మనిషే మారిపోయేడు. డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పకుండానే మంచం మీద వాలిపోవడం, లేస్తే కళ్ళు తిరిగి గోడ పట్టుకోవడం, పేంటు జారిపోతుంటే బెల్టుకి కొత్త కన్నాలు పెట్టుకోవడం. యాభై ఏళ్ళకే ఇదేటి అని అడిగితే ఎవరో డాక్టరు నీరసమని టానిక్కు రాసిచ్చేరు. ఈ మనిషి నాకు దక్కడేమో, దీపావళి దాకానైనా ఉంటాడో లేదో అని నాకు భయం పట్టుకుంది. మా అమ్మాయి ఛాయకి కూడా చెప్పలేదు. భయమేస్తే నాకు నోరు లేస్తుంది. అంచేత రోజూ ఆయన్నే తిట్టేను.

వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు, మార్చిలో ఆయనకి పన్ను సలిపింది. ఛాయ మా ఇద్దర్నీ పళ్ళ డాక్టరు తనూజ దగ్గరకి తోలింది. ఆ డాక్టరు శ్రీకాకుళం వాళ్ళ పిల్లే, ఈ హిందీవాళ్ళ ఊళ్ళోనే పుట్టింది, సగం తెలుగు సగం హిందీ మాటాడుతుంది. నోరు తెరవమని లైటేసింది. పన్ను సంగతి వదిలేసి చిగుళ్ళే చూస్తా ఉండిపోయింది. చిగుళ్ళ మీద నల్లటి మచ్చలున్నాయట. తర్వాత అరచేతులు చాపమంది. ఆ గీతలు పెన్నుతో దిద్దినట్టు నల్లగా ఉన్నాయి.

నేను ఊరుకుంటానా, అది భట్టీ నలుపమ్మా, మా వాళ్ళందరికీ మామూలే అని చెప్పేను.

"భట్టీ నోట్లోకి ఎలా దూరింది ఆంటీ?" అంది.

నిజమే కదా అనిపించింది. పైగా ఈయన భట్టీ వదిలి స్టోర్లో కూర్చోబట్టి ఏడాది దాటింది. ఆ ముక్క నాకెప్పుడూ తట్టలేదు. ఉప్పు ఎక్కువ తింటారా అని ఆ పిల్ల అడిగేసరికి ఆవకాయ సంగతి చెప్పేసేను. పన్ను తర్వాత చూద్దాం, ఇవాళే హార్మోన్ల డాక్టరుకి చూపించండని చీటీ రాసి, ఆటో కూడా తనే పిలిచింది.

హార్మోన్ల డాక్టరు రాజగోపాల్ గారు బీపీ చూసి అప్పటికప్పుడే ఆస్పత్రిలో చేర్చుకున్నారు. రక్తపరీక్షలు వచ్చేక విషయం చెప్పేరు. కిడ్నీల మీద చిన్న గ్రంథులు రెండుంటాయట, అడ్రినల్ అంటారట. ఈయనకి అవి పని మానేసేయి. వాటి హార్మోన్లు లేకపోతే ఒంట్లో ఉప్పు నిలవదు, బీపీ పడిపోతుంది. ఆ నలుపూ దాన్నుంచే. ఇంకొన్నాళ్ళు చూడకపోతే ప్రాణం మీదకొచ్చేదన్నారు. పాపం, ఒళ్ళు ఉప్పు కోసం మొత్తుకుంటుంటే నేను అలిగి కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయేను.

మందు పడ్డ మూడోరోజుకి నా మొగుడు లేచి కూర్చుని, ఆస్పత్రి ఉప్మా నోట పెట్టలేను, పెసరట్టు తెమ్మన్నాడు. పక్క మంచం భయ్యాతో పరాచికాలు మొదలెట్టేడు. నర్సులు నవ్వుతుంటే ఛాయ సిగ్గుపడి కసురుకుంది. నాకైతే ఆ వార్డు పెళ్ళివారిల్లులా కనబడింది.

ఇంటికి పంపే రోజు డాక్టరు గారు తన గదిలో మమ్మల్ని కూర్చోబెట్టి అన్నీ చెప్పేరు. రోజూ వేళకి మాత్రలు వేసుకోవాలి, సొంతంగా ఆపకూడదు. జ్వరమొస్తే తను చెప్పినట్టు మోతాదు పెంచాలి. వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఇంజక్షనుకి ఆస్పత్రికి పరుగెత్తాలి. జబ్బు పేరు రాసిన కార్డు జేబులో ఎప్పుడూ ఉండాలి. ఈ మందు జీవితాంతం వాడాలమ్మా అని, చెడ్డ కబురు చెప్పినట్టు మెల్లిగా అన్నారు.

తర్వాతి వంతు కోసం అక్కడే కూర్చున్న రుఆబాంధా వైపు నుంచొచ్చిన లక్ష్మీకుమారి గారు నాకోసం నిట్టూర్చేరు. ఆవిడకి థైరాయిడ్ తక్కువట. లావెక్కడం, జుట్టూడడం, ఊరికే చలెయ్యడం, అంతా వయసేలే అని మూడేళ్ళు ఊరుకున్నారట. ఇప్పుడు రోజూ పరగడుపున మాత్ర, బతికినంత కాలం ఇదేటి ఖర్మ తల్లీ అని వాపోయేరు.

నేను డాక్టరు గారి వైపే చూస్తున్నాను. "జీవితాంతమంటే ఎన్నాళ్ళండీ?" అని అడిగేను.

ఆయనకి నా ప్రశ్న వెంటనే అర్థం కాలేదు. అయ్యేక నవ్వేరు. "మందు మానకుండా వాడితే అందరిలాగేనమ్మా. ఎనభయ్యో, తొంభయ్యో, ఎవరు చెప్పగలరు?"

నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది, రెండూ కలిసిపోయేయి. లక్ష్మీకుమారి గారు కంగారుపడి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇంకో ముప్ఫై ఏళ్ళు వేసుకోవాలంటండీ ఈయన" అన్నాను ఆవిడతో. "ముప్ఫై ఏళ్ళు."