కరిగిన నెమలి

కరీంనగర్‌లో వెండి తీగ పని చేసే ఇళ్లలో సాంబయ్య చేతికి పేరుండేది. తీగ లాగి మెలిపెట్టడం భార్య అనసూర్య వంతు. ఆ తీగను పూలుగా, ఆకులుగా చుట్టి అతకడం అతని వంతు. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు ఆమె కాళ్ల కడియాలు, మెడలోని కంటె కరిగించి, పురి విప్పిన నెమలిని మొదలుపెట్టాడు.

"నీ వెండి నీకే ఇస్త. జర చూడబుద్ధయ్యేటట్టు చేసి ఇస్త" అన్నాడు.

కాళ్లు, మెడ అయ్యాయి. పురి సగంలో ఉండగా అదే పని చేసే తమ్ముడు లింగమూర్తి వెండి దుకాణాలన్నీ తిరిగి ఒక మాట చెప్పొచ్చాడు.

"మా అన్న వెండిల రాగి కలుపుతుండు."

సొంత తమ్ముడే అన్నాక నమ్మనిదెవరు? పనిచ్చేవాళ్లు ముఖం చాటేశారు. కులంవాళ్లు పెళ్లిళ్లకు పిలవడం మానేశారు. సాంబయ్య ఆరిన కుంపటి ముందు కూర్చుని గోడకేసి చూసేవాడు. తిండి సయించేది కాదు. ఆ వానాకాలం దాటలేదు. పాడె మోయడానికి అందరికంటే ముందు లింగమూర్తే వచ్చి భుజం పెట్టాడు. అనసూర్య ఏడుపు ఆపి ఆ భుజాన్నే చూస్తూ ఉండిపోయింది.

దినాలు కాగానే ఆమె నెమలిని బయటికి తీసింది. బీడీలు చుట్టి పొట్ట పోసుకుంటూ, దొరికిన తీరికంతా దాని ముందే గడిపేది. అతకడం ఎన్నడూ చేయలేదు. ఊదుగొట్టంతో మంట నిలపడం రాక మొదటి ఈకలు కరిగి ముద్దయ్యాయి. ఆ ముద్దను మళ్లీ తీగగా లాగింది. వేళ్లు కాలి బొబ్బలెక్కాయి.

"ఎవల కోసమే గీ కష్టం?" అని అడిగింది పక్కింటి లింగవ్వ.

"మా మరిది కోసం."

లింగవ్వకు అర్థం కాలేదు. ఏళ్లు గడిచాయి. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. పురిలో ఈకలు ఒక్కొక్కటే పెరుగుతూ పోయాయి.

ఈలోగా అన్న పనంతా లింగమూర్తికి చేరి, అతను పెద్దమనిషయ్యాడు. హైదరాబాదులో ఏటా జరిగే నుమాయిష్ ప్రదర్శనలో పెట్టడానికి గొప్ప వస్తువేదైనా కావాలని అధికారులు అడిగితే వదిన గడప తొక్కాడు.

"అన్న షురూ చేసిన నెమలి ఉన్నదట గదా వదినె. నాకియ్యి. మన ఇంటి పేరు నిలబడ్తది."

"అయిపోయింది. కులపెద్దల ముంగట ఇస్త, తీస్కో."

పెద్దలు కూర్చున్న రోజు ఆమె నెమలి మీది గుడ్డ తీసింది. లింగమూర్తి దాని ముందు గొంతుక్కూర్చుని ఒక్కో ఈకా వేలితో తడిమి చూశాడు. ఎంతైనా పనివాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

అనసూర్య వెండి కరిగించే మూస, బొగ్గుల కుంపటి, గాలి ఊదే తిత్తి తెచ్చి అతని ముందు పెట్టింది.

"కరిగించు. ఆయిన ఎంత రాగి కలిపిండో అందరు చూస్తరు."

"గీటురాయి మీద గీసి చూద్దం బిడ్డా" అన్నాడు కులపెద్ద బుచ్చిరాములు.

"పైపూత అంటరు. మొత్తం కరగాలె."

లింగమూర్తి కుంపటిని పక్కకు జరిపాడు. "ఎట్ల కరిగిస్తనే వదినె? గిసొంటిది మళ్ల ఎవడు చేస్తడు?"

"అయితె నిజం చెప్పు."

అతను తల వంచుకున్నాడు. "రాగి లేదు. అన్న ఎన్నడు కలపలే. పని నాకు రావాలని నేనే లేనిది పుట్టించిన." చెప్పేసి నెమలి కోసం చేతులు చాచాడు.

అనసూర్య అతని కంటే ముందే అందుకుంది. మెడ విరిచి మూసలో వేసింది.

"ఒప్పుకున్నడు గదనే! ఇంకేంది?" అని అరిచాడు బుచ్చిరాములు.

"మీరు ఇన్నరు. ఆయిన ఇనలే."

పురిని ముక్కలుగా తుంచుతుంటే లింగమూర్తి ముఖం తిప్పుకున్నాడు. "చూడు" అంటూ ఆమె తిత్తి ఊదింది. "పాడె ఎత్తిన నాడు నేను చూడలేదా? చూడు." ఈకలు ఎర్రబడి, వంగి, ఒకదానిలో ఒకటి కలిసిపోయేదాకా ఊదుతూనే ఉంది. చల్లారిన ముద్దను బుచ్చిరాములు రాతి మీద గీసి, "మంచి వెండి" అన్నాడు మెల్లగా. ఆమె ఆ ముద్దను కొంగున కట్టుకుని ఇంటికి పోయి కడుపునిండా తిన్నది.

లింగమూర్తిని నమ్మి ఆ తర్వాత ఎవరూ వెండి ఇవ్వలేదు. అతను సంసారాన్ని చెన్నూరుకు మార్చాడు. పనిముట్లు ముట్టడం లేదని తెలిసింది. ఒకనాడు అతని భార్య బస్సు దిగి నేరుగా అనసూర్య ఇంటికొచ్చింది.

"చేసింది తల్సుకొని మనాదితోని మంచం పట్టిండక్కా. మాఫ్ చేసిన అని ఒక్క మాట చెప్పు."

అనసూర్య ఆమెకు కాళ్లు కడుక్కోను నీళ్లిచ్చింది. వేడిగా బువ్వ పెట్టి, తినేదాకా పక్కనే కూర్చుంది. బస్సు దాకా వెంట నడిచి ఎక్కించింది. ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేదు.