కప్ప పలుకని నుయ్యి

మృగశిర కార్తె గడచి ఆరుద్ర కార్తె ప్రవేశించినను మేఘశకలమైనను కానరాని యాకాశము కాగిన పెనమువలె మండుచుండెను. ఏటివాలున నున్న అద్దకపువారి వీధిలో దండెముల నారవేసిన రక్తవర్ణవస్త్రములు పడమటి వడగాలికి రెపరెపలాడుచు ఆ వీధి యెల్ల నగ్నిజ్వాలాపరివృతమైనదో యను భ్రమ గొల్పుచుండెను. వానకు ముందుగా వినవలసిన కప్పల బెకబెకలు మాత్ర మెచ్చటను వినరాకుండెను.

ఆ జ్వాలలలో నెల్ల నుజ్జ్వలమైనవి పానకాలు పెరటివి. వానిని జూచి మండుచున్నది కోటిలింగము హృదయము. చిరువేరు దంచి కరక్కాయ నానబెట్టి యిరువది దినములు శ్రమించి యెరుపు దీయు వంశమున బుట్టినవాడు కోటిలింగము. నిన్నమొన్నటివరకు నాతని చేతిక్రింద బట్టలు జాడించిన పానకాలు వరుసకు బావమరది. ఆ పానకాలిప్పుడు పట్టణమునుండి డబ్బాలలో దెచ్చిన రంగుపొడితో మూడే దినములలో నంతకన్న కెంపైన యెరుపు దీయుచుండెను. బేరగాండ్రు కోటిలింగము గడప దాటిపోయి యెగువనున్న పానకాలు గడప ద్రొక్కుచుండిరి. వారి చెప్పుల చప్పుడు నాలకించుటయే కోటిలింగమునకు నిత్యానుష్ఠానమయ్యెను.

చైత్రమాసమున నొకనాడు పానకాలు పెరటిగోడ వెనుక రంగునీ రింకిపోవు గుంటను దొంగచూపు జూచిన కోటిలింగము అందు వెల్లకిల బడిన కప్పలను, వెనుకకాళ్ళు లేక పొరలాడు కప్పపిల్లలను గాంచెను. ఆ పొడి విషమని యాతనికి నాడే తెలిసెను. కాని చెప్పిన నెవ్వరు నమ్ముదురు? కడుపుమంట యని నవ్విపోదురు. పదిమంది యెదుట వాని పరువు దానంతట మంట గలియవలెనని తలపోసి యాతడు రెండు మాసములు నోరు కుట్టుకొని యుండెను.

ఆ నడుమ నొకనాడు భార్య మాణిక్యమ్మ నూతిలో చేద వేయుచు, "ఏవయ్యా, మన నూతిలో కప్ప అరిచి ఎన్నాళ్ళయిందో చూశావా? కప్ప బతికిన నీళ్ళే మంచినీళ్ళని మీ అమ్మ అనేది," అనెను. ఎగువ వాకిట నాగిన బండిని జూచుచున్న కోటిలింగమునకు ఆ మాట చెవి సోకలేదు. పురిటికి వచ్చిన కూతురు తులశమ్మ ఆ చేదనీటినే చెంబున ముంచుకొని త్రాగుచుండెను.

వాన యాలసించినపుడు కప్పతల్లి నూరేగించుట యా వీధి యాచారము. రోకలికి వేపమండలతో గట్టిన కప్పపై నింటింట నీరు చిలుకరించి, కడపట పెద్దింటి వాకిట వారి నూతినీరు నింపిన రోటిలో దానిని విడిచి, ఆడువారు పాట ముగియువరకు నీదనిత్తురు. ఆ మర్యాద తరతరములుగా కోటిలింగము ఇంటిది. ఊరిలో కప్ప దొరకమి నీ యేడు రెండు కోసుల దూరమునుండి దానిని దెచ్చిరి.

"ఈ ఏడు రోలు పానకాలు వాకిట్లో పెట్టండి. ఎదిగినోడు, మర్యాద వాడిదే," అని కోటిలింగము పలికెను.

"మతి పోయిందా నీకు? మా అత్తగారి రోటి మర్యాద వాళ్ళకి రాసిచ్చేస్తావా?" అని మాణిక్యమ్మ మండిపడెను.

పానకాలు కన్నులు చెమర్చెను. "బావా, నామీద నీకింత ప్రేముందని తెలీదు."

"నీకేం తెలుసులేరా," అని కోటిలింగము చిరునవ్వు నవ్వెను.

పానకాలు నూతినీటిలో విడువబడిన కప్ప సుఖముగా నీదెను. పాట ముగియుటయే కాదు, అది గొంతెత్తి పలికెను గూడ. ఆడువారు చప్పట్లు చఱచిరి. కోటిలింగము ముఖము మాడిన రొట్టెవలె నయ్యెను. అంత పానకాలు భార్య సీతారావమ్మ, "పెద్దింటి రోలు ఎండబెట్టి మేం ముందుకెళ్తామా వదినా? మీ వాకిట్లోనూ ఓ పాట పాడదాం పద," అని కప్పను గొనివచ్చెను. మాణిక్యమ్మ సంతోషముతో తమ నూతినీటితో రోలు నింపెను.

రెండవ చరణము ముగియకమునుపే కప్ప కాళ్ళు బిగుసుకొని వెల్లకిల తేలెను.

"పెద్దింటి నీళ్ళు కప్పతల్లి ఒల్లలేదమ్మోయ్!" అని యొక ముదుసలి కేకవేసెను.

కోటిలింగ మెగువ గుంటను జూచెను. దిగువ దన నూతిని జూచెను. వాలు తెలిసెను: పానకాలు నుయ్యి ఆ గుంట కెగువను, తన నుయ్యి దిగువను. గుమ్మమున తులశమ్మ చెంబెత్తుచుండగా నొక్క దుముకున బోయి దానిని లాగి పారవైచెను.

"తాగకమ్మా! ఆ గుంట విషమని రెండు నెలలుగా తెలుసు నాకు. వీడి పరువు పోవాలని నోరు మూసుకున్నాను. అది మన నూతిలోకే దిగిందే!"

తులశమ్మ కడుపుపై చేయి వేసికొనెను. "రెండు నెలలు తాగనిచ్చావా నాన్నా?"

పానకాలు తలవంచుకొని లోనికేగి డబ్బాలను బయట బెట్టెను.

నూతికి బలకలు కప్పిరి. నాటినుండి తులశమ్మకు త్రాగునీరు సీతారావమ్మ కడవలోనిదే. శ్రావణమున నామె గుప్పెడంత శిశువును గనెను. పది దినములు అది యేడువలేదు. పదునొకండవనాడు సన్నగా నేడ్చెను.

ఆ సాయంకాలము తొలివాన వెలిసినపిదప కోటిలింగము మూసిన నూతిగట్టున గూర్చుండి చెవి యొగ్గెను. తన నూయి పలుకలేదు. ఎగువ పానకాలు నూతినుండి కప్ప యొక్కటి బెకబెకమనెను. ఎరుపును గూర్చి గాక, బేరగాండ్రను గూర్చి గాక, ఆతడు నాడు మొదటిసారిగా నొక కప్పను గూర్చి యసూయపడెను.