అమ్మిరాజుకు నీళ్లు

వ్యాను సముద్రపొడ్డు వదిలి చెరుకుతోటల మధ్యకి మళ్లాక, అచ్చాయమ్మ ముందు సీటు మీదికి వంగి అడిగింది.

"దొరబాబుగారూ, ఆ సరస్సు దగ్గర నాకు కాస్త వ్యవధి కావాలండి."

"ఆగుతాంగా అక్కా. గుడి ఉంది, దర్శనం ఉంది, మెట్ల మీద మన భజనుంది. ఇంకా ఎంతసేపు కావాలి?"

"భజనకి కాదండి. మా తాతకి నీళ్లు వదలాలి."

దొరబాబు మెడ తిప్పి ఆవిడ మొహంలోకి చూశాడు. మండపేటలో రైసుమిల్లు ఆయనది. ఊళ్లో ఆడవాళ్ల భజన బృందానికి అధ్యక్షుడు కూడా ఆయనే. మారిషస్ తెలుగువాళ్లు ఉగాదికి పిలిచారని, అందరి పాస్‌పోర్టుల కోసం కాళ్లరిగేలా తిరిగి, పద్నాలుగుమంది ఆడవాళ్లని విమానమెక్కించి తీసుకొచ్చిన మనిషి. ఆ రాత్రికే పెద్ద హాల్లో ప్రోగ్రాము. ఈలోగా దేశం చూపిస్తామని అక్కడివాళ్లు వ్యాను, డ్రైవరు ఇచ్చి పంపారు.

"పండగ పూట అశుభం మాటలేంటక్కా? పైగా మీరు ముత్తైదువ. ఆడమనిషి నీళ్లు వదలడం ఎక్కడైనా చూశామా?"

"మగదిక్కు లేకపోతే ఏం చెయ్యాలండి?"

"ఊరెళ్లాక పంతులుగారిని అడుగుదాం. ఇక్కడ వద్దు. మనం పది ఊళ్లవాళ్ల కళ్లల్లో ఉన్నాం."

అచ్చాయమ్మ వెనక్కి జారగిలబడింది. పంతులుగారిని నిరుడే అడిగింది. రాజమండ్రిలో పుష్కరాలకి వెళ్లినప్పుడు, అన్నదమ్ములు లేరు కనక, నాన్నకి పిండం పెట్టడానికి ఆవిడ భర్తే కూచున్నాడు. నాన్న పేరు అయ్యాక పంతులుగారు తాత పేరు అడిగాడు. అమ్మిరాజు అని చెప్పింది. ఏ తిథిన పోయాడు, ఎక్కడ పోయాడు అన్నాడు. తెలియదంది. ఓడెక్కి మారీసు దేశం వెళ్లాడు, మళ్లీ కబురు లేదు అంది. ఆ పంతులు చెడ్డవాడేం కాదు, చెమటలు కారుతుంటే పాపం ఓపిగ్గానే చెప్పాడు. "మీ మామ్మగారు ఏం చేశారమ్మా మరి?" అని అడిగాడు. మామ్మ పోయేదాకా బొట్టు తియ్యలేదంది. "అయితే నేనెలా పోయాడంటాను తల్లీ? ఆ చోటు వదిలేద్దాం" అన్నాడు. తాత చోటు వదిలేసి ముందుకెళ్లిపోయారు.

మామ్మ పేరు పెద్దింట్లమ్మ. అమ్మిరాజు వెళ్లేనాటికి ఆవిడ కడుపుతో ఉంది. పెద్దల అమావాస్యకి కొడుకు విస్తళ్లు వేస్తూ తండ్రికి ఒకటి వెయ్యబోతే, చేతిలోంచి లాక్కునేది. "బతికున్న మనిషికి విస్తరేంటిరా?" అనేది. ఆవిడ పోయాక కూడా ఆ విస్తరి వెయ్యడానికి ఆ ఇంట్లో ఎవరికీ చెయ్యి రాలేదు. అలాగే నాన్నా పోయాడు.

కిటికీలోంచి చూస్తుంటే చెరుకు మధ్యలో అక్కడక్కడా నల్లరాళ్ల గుట్టలు కనిపిస్తున్నాయి. తాటిచెట్టులో సగం ఎత్తున్నాయి. ఎవరో చేత్తో పేర్చినట్టు అంచులు తీర్చి ఉన్నాయి.

"అవేం గుళ్లు బాబూ?" అని సూరమ్మ అడిగింది. సూరమ్మది అచ్చాయమ్మ పక్కిల్లే. వరసకి మరదలు. బృందంలో తాళాలు ఆవిడవి.

డ్రైవరు అప్పయ్య నవ్వాడు. అతనిదీ తెలుగు కుటుంబమే. సాయంత్రపు బడిలో నేర్చుకున్న తెలుగు కాబట్టి పుస్తకం చదివినట్టు మాట్లాడతాడు. "గుళ్లు కావు అమ్మగారూ. ఈ ద్వీపమంతా అగ్నిపర్వతం నుండి పుట్టినది. భూమి నిండా రాళ్లే. చెరుకు నాటుటకు మా పూర్వీకులు ఆ రాళ్లను చేతులతో ఏరి అక్కడ పోసిరి. వారిని కోరంగివారు అనేవారు. మమ్మల్ని ఇప్పటికీ అంటారు."

"కోరంగంటే మన కాకినాడ దగ్గరి పాత ఓడరేవేనా?" అంది సూరమ్మ.

"నేను చూడలేదు" అన్నాడు అప్పయ్య.

అచ్చాయమ్మ ఆ గుట్టలనే చూస్తోంది. వాళ్ల పొలంలో రాయన్నది లేదు. చిన్నప్పుడు గట్టు మీద మామిడికాయ కొట్టడానికి రాయి కావాలంటే కాలవ లాకుల దాకా పోవాలి. అలాంటి నేల మీద పుట్టిన మనిషి, ఇక్కడ నాగలి పట్టుకుందామని వచ్చి రాళ్లు ఏరి ఉంటాడు. మామ్మ ఈ గుట్టలు చూసుంటే ఏమనేదో.

కొండదారి మొదలైంది. చదునైన నేల మీద పుట్టి పెరిగినవాళ్లు, మలుపు మలుపుకీ ఒకరి మీద ఒకరు పడుతూ నవ్వుకున్నారు. కాసేపటికి నవ్వులు పోయి నిమ్మకాయలు బయటికొచ్చాయి. రంగురంగుల మట్టి దిబ్బల దగ్గర దింపాడు అప్పయ్య. ఎరుపు, ఊదా, పసుపు మట్టి అలలు అలలుగా ఉంది. "ముగ్గులోకి బాగుండును" అని ఎవరో అంటే, కంచె దాటి ముట్టుకోకూడదన్నాడు. అక్కణ్ణించి నేషనల్ పార్కు అడవి. ఒక మలుపులో ఆపి అంచుకి తీసుకెళ్లాడు. కింద లోయంతా చెట్లే. ఎదట కొండ మీంచి నీళ్లు తెల్లదారంలా పడుతున్నాయి. దూరాన సముద్రం. తోకలు పొడుగ్గా ఉన్న తెల్లపిట్టలు లోయ మధ్యలో, వీళ్ల కాళ్లకంటే కిందగా ఎగురుతున్నాయి. పిట్టల వీపులు చూడటం వాళ్లకదే మొదలు.

"చూశారా, భూలోక స్వర్గం" అన్నాడు దొరబాబు అందరినీ ఫొటోకి నిలబెడుతూ. "అక్కా, మొహం అలా పెట్టకండి. ఇంత దూరం వచ్చి ఏడుపు మొహమేంటి?"

"ఏడవట్లేదండి."

"మరి?"

"మా తాత ఈ చుట్టుపక్కలే ఎక్కడో మట్టయ్యాడు. ఫొటోకి నవ్వమంటే నవ్వలేకపోతున్నాను."

"వచ్చినవాళ్లు వేలమంది అక్కా. అందరికీ నీళ్లు వదుల్తామా?"

"మీరు మీవాళ్లకి వదలరా? నేనూ మావాడికే అడుగుతున్నాను."

ఆయన కెమెరా పావని చేతికిచ్చి వ్యాను ఎక్కేశాడు. పావని బృందంలో అందరికంటే చిన్నది, ఊళ్లో బళ్లో టీచరు. అచ్చాయమ్మ పక్కకొచ్చి మెల్లిగా, "పిన్నిగారూ, ఆయన్ని ఇవాళ కదపకండి. రాత్రి ప్రోగ్రాం అని ముళ్ల మీద కూచున్నట్టున్నారు" అంది.

"నేను కదపట్లేదమ్మా. నా పని నేను చేసుకుంటానంటున్నాను."

"వదినా, నువ్వు నీళ్లు వదిలితే తాత పోయినట్టేగా" అంది సూరమ్మ వెనకనించి. "మీ మామ్మ ఒప్పుకుంటుందా?"

ఆ మాట మాత్రం సూటిగా తగిలింది. వ్యానులో కూచున్నాక కూడా అదే మనసులో నలిగింది. బొట్టు నిలుపుకున్న మనిషి పట్టుదల ఒకవైపు, దాహంతో ఉన్న మనిషి ఒకవైపు. ఏది పెద్దది? దేవుణ్ణే అడిగింది. తెల్లారగట్ల దీపం పెట్టి రోజూ అడిగే దేవుడే. ఆయనెప్పుడూ వెంటనే చెప్పడు. బతికుంటే తాతకి నూరేళ్లు ఎప్పుడో దాటిపోయాయి. అంత వయసు మనిషిని ఇంకా వస్తాడని అట్టే పెట్టడం ప్రేమేనా? లేక మాలో ఎవరమూ ఆ మాట నోటితో అనలేక ఆయన్ని గాలికి వదిలేశామా?

ఇంకో చోట అడవి అంచున దిగితే కోతులు వచ్చాయి. ఎర్రటి చిన్న జామకాయలు కోసి ఇచ్చాడు అప్పయ్య. పుల్లగా బాగున్నాయి. అచ్చాయమ్మ తీసుకోలేదు. నీళ్లు వదిలేదాకా ఏమీ తిననని అప్పుడే అనుకుంది.

గంగా తలావ్ అనే ఆ సరస్సు చేరేసరికి మంచు దిగింది. చుట్టూ గట్టు, మధ్యలో నిశ్చలంగా నీళ్లు. ఒకప్పుడు నిప్పు కక్కిన నోరు అదేనని, చల్లారాక వాననీళ్లు నిండాయని అప్పయ్య చెప్పాడు. ఈ నీళ్లకి గంగతో చుట్టరికం ఉందని ఇక్కడివాళ్ల నమ్మకమట. గట్టు మీద శివాలయం. ఆహ్వానించిన పెద్దలు కొందరు అప్పటికే వచ్చి, మెట్ల మీద తివాచీ పరిచి కూచున్నారు. వీడియో తీసే మనిషి కూడా ఉన్నాడు.

దర్శనం అయ్యింది. దొరబాబు హార్మోనియం ముందు కూచుని, "గంగాధర కీర్తన అందుకోండక్కా" అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ బృందంలో ముందుపాట అచ్చాయమ్మది. ఆవిడ ఒక పాదం చెబితే మిగతావాళ్లు అదే పాదం తిరిగి అంటారు. ఇరవయ్యేళ్లుగా ప్రతి శనివారం రామాలయంలో అలాగే సాగుతోంది కనక, ఆవిడ నోట ఏది వస్తే అది వాళ్ల నోట తిరిగొస్తుంది. ఒకసారి భజన మధ్యలో, గుడి బయట గేదె కట్టు తెంపుకోవడం చూసి, ఆవిడ రాగం ఆపకుండానే "గేదె పోతోందయ్యా" అంటే, అందరూ భక్తిగా "గేదె పోతోందయ్యా" అని తిరిగి పాడారు. ఆ ముక్క చెప్పి దొరబాబు ఇప్పటికీ ఏడిపిస్తుంటాడు.

"గంగాధరా నీకు జోతయ్యా" అంది అచ్చాయమ్మ.

"గంగాధరా నీకు జోతయ్యా" అన్నారు అందరూ.

రెండు పాదాలయ్యాయి. మూడో పాదం ఎత్తుకోకుండా ఆవిడ లేచింది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని మెట్లు దిగింది. దొరబాబు హార్మోనియం మీద స్వరం పొడిగిస్తూ, కళ్లతో రమ్మని సైగ చేశాడు. ఆవిడ నడుముల్లోతు నీళ్లలోకి వెళ్లి, ఒక్క మునక వేసి లేచింది. నీళ్లు చల్లగా కోసేస్తున్నాయి. నువ్వుల్లేవు, దర్భల్లేవు, మంత్రం రాదు. దోసిలి ఒకటే ఉంది. దక్షిణమెటో తెలియక అప్పయ్యని కేకేసి అడిగింది. అతను చెయ్యి చూపించాడు.

మామ్మా, ఏమీ అనుకోకు, అనుకుంది. అప్పుడు అదే రాగంలో, అదే గొంతుతో అంది:

"పైడిపాల గోత్రం అమ్మిరాజుకు నీళ్లయ్యా."

మెట్ల మీద పద్నాలుగుమందిలో ఆవిడ పోగా మిగతా గొంతులన్నీ, ఎప్పటిలాగే, "పైడిపాల గోత్రం అమ్మిరాజుకు నీళ్లయ్యా" అన్నాయి.

అనేశాక తెలిసింది వాళ్లకి. హార్మోనియం ఆగిపోయింది. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. అచ్చాయమ్మ రెండో దోసిలి ఎత్తింది. చలికి గొంతు వణికింది గాని మాట తప్పలేదు.

"పెద్దింట్లమ్మ పెనిమిటి అమ్మిరాజుకు నీళ్లయ్యా."

ఈసారి వంత రాలేదు. మంచులో ఆవిడ మాట ఒక్కటే పోయింది. "ఎవరూ అనకండి" అన్నాడు దొరబాబు పళ్ల బిగువున. అప్పుడు టంగుమని తాళం మోగింది. సూరమ్మ లేచి నిలబడి, తెలిసి, గొంతు నిండా అంది. పావని అందుకుంది. మూడో దోసిలికి అందరూ అన్నారు. కూచున్న పెద్దల్లో ఒక ముసలాయన, అది వీళ్ల దేశపు కీర్తనే అనుకున్నాడో, అర్థమయ్యే అన్నాడో గాని, తనూ గొంతు కలిపాడు.

నీళ్లు వదిలేసి ఆవిడ పైకొచ్చింది. ఒళ్లు వణుకుతోంది. అందిందో లేదో ఆవిడకి తెలియదు. అందిందని ఎవరికీ చెప్పలేదు కూడా.

వ్యాను దగ్గర దొరబాబు ఎదురొచ్చాడు. "నన్ను నలుగుర్లో నిలబెట్టేశారు. సరే, అయిపోయింది. బస దగ్గర వేణ్ణీళ్లు పోసుకోండి. రాత్రి హాల్లో మొదటి కీర్తన మీదే. అక్కడైనా పరువు నిలపండి."

"రాత్రి నేను పాడనండి."

"అదేంటి?"

"మైల కదండీ. మనిషి పోయినట్టు ఇవాళే కదా ఒప్పుకున్నాం. వేదికెక్కి కీర్తన ఎలా చెప్పను?"

"పెళ్లయినదానికి పుట్టింటి మైల మూడు రోజులేనక్కా."

"ఆ మూడు రోజులే పడతానండి. పొద్దున్నించీ మీరు చెబుతున్నదీ పద్ధతి గురించేగా."

"ఎప్పుడో పోయిన మనిషికి ఇప్పుడు మైలేంటి?"

"మరి ఎప్పుడో పోయాడని ఇన్నాళ్లూ ఎవరూ అనలేదే."

ఆవిడ వ్యానెక్కి, ఎవరికీ తగలకుండా చివరి సీట్లో మూల కూచుంది. మైల మనిషి ఎలా కూచోవాలో అలాగే కూచుంది. తడిచీర కింద నీళ్లు మడుగు కట్టాయి. మిగతావాళ్లు ఎక్కారు. సూరమ్మ తన సీటు దాటి వెనక్కి వచ్చి, తువ్వాలు విప్పి ఆవిడ తల తుడవడం మొదలెట్టింది.

"ముట్టుకోకు సూరమ్మా. నీకూ అంటుతుంది."

"అంటనీ వదినా." సూరమ్మ జుట్టు పిండుతూ ముందుకి కేకేసింది. "దొరబాబుగారూ, నాకో అనుమానం. ఆయన పేరు మేమందరం చెప్పాం గదా. మరి మాకు లేదా మైల?"

వ్యానులో ఎవరూ నవ్వలేదు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. దొరబాబు అద్దంలోంచి వెనక సీట్ల దాకా వరసగా చూసి, వేళ్లతో మోకాలి మీద దరువు వేసుకుంటూ కూచున్నాడు.

"తరువాత ఎచ్చటికి అయ్యగారూ?" అని అప్పయ్య అడిగాడు.

"ముందు బసకి పోనీవయ్యా" అన్నాడు దొరబాబు. "మొదటి కీర్తన నేనే సాధన చేసుకోవాలి."