ఐదు వేల నలభైకి ఒక పోగు తక్కువ

పోగులు వణుకుతున్నాయి.

గోడాదరా మగ్గాల కార్ఖానాలో పొద్దుటి ఎండ రేకుల సందుల్లోంచి దిగి, పడుగు చుట్టిన కొత్త బీము మీద పడింది. తెల్లటి పోగులు... ఒకదాని పక్కన ఒకటి. ఫ్యాను కూడా తిరగడం లేదు. అయినా వణుకుతున్నాయి.

పోగు జారకుండా జమున వేళ్లకు బూడిద రాసుకుంది. మగ్గం మీద మిగిలిన పాత కొసకు కొత్త పోగు కొస — ఒక మెలిక. మళ్లీ ఇంకొకటి.

ఐదు వేల నలభై పోగులు.

ఇది ఇద్దరి పని. ఆమె ఎడమ అంచు నుంచి, మొగుడు రాజనర్సు కుడి అంచు నుంచి అతుకుతూ నడుమకు వచ్చేవాళ్లు. సరిసంఖ్యకు నడిమి పోగు ఉండదు. నడుమ రెండు పోగులు ఆనుకొని ఉంటాయి. ఒకటి ఆమెది, ఒకటి అతనిది. చివరి రెండు ముడులూ ఒకేసారి వేసేవాళ్లు. వేళ్లు తగిలేవి. పెళ్లయి ఇన్నేళ్లయినా అక్కడ జమునకు సిగ్గే.

భలే సంఖ్య అది. కూతురు హారతి చెప్పింది. ఒకటి నుంచి పది దాకా దేనితో భాగించినా ఏమీ మిగలదట. ఇద్దరు కూర్చున్నా, ఏడుగురు కూర్చున్నా సమానంగా పంచుకోవచ్చట.

పంచుకునే మనిషే లేడు.

ఇంకో మగ్గాల ఊరు భివండి పోదామన్నాడు రాజనర్సు. బిడ్డ చదువు ఇక్కడే అంది జమున. మాటా మాటా పెరిగింది. హోళీ నాడు అలిగి వెళ్లినవాడు... మొన్న ఫోన్ చేశాడు.

"కొత్త బీము ఎక్కినంక చెప్పు. అతుకులకు వస్త."

చెప్పింది. రాలేదు. కార్ఖానా సేటు ఆగడు కదా!

తన సగం చివరి ముడి ఒక్కటి మిగిల్చి అతికి, లేచి కుడివైపు కూర్చుంది. అతని పీట. అతని సగం. ముడికొక తిట్టు తిట్టింది. తిట్టిన కొద్దీ అతను కావాలనిపించింది. చాలా కావాలనిపించింది.

నడుమకు వచ్చేసరికి చేయి ఆగిపోయింది.

పాత కొసలు రెండు. ఒకటి తనది, ఒకటి అతనిది. కొత్త పోగు — ఒక్కటే.

టిఫిన్ తెచ్చిన హారతి వంగి చూసింది. "వార్పింగ్‌లనే, పడుగు చుట్టేటప్పుడే ఒకటి తప్పినట్టుందమ్మా. గిప్పుడు ఐదు వేల ముప్పై తొమ్మిది. ప్రైమ్ నంబర్. ఎంతమందికీ సమానంగ పంచరాదు. ఒకటితోని, దాంతోని తప్ప దేంతోనీ భాగం పోదు."

"ఒకటి ఉన్నది గదనే... నాకా ఒక్కటి సాలు."

"బాబిన్‌లకెల్లి ఇంకో దారం తెస్త. రెండూ అతికెయ్."

"జర ఆగు బిడ్డా. మీ నాయిన రానీ, ఆ దారం ఆయనే అతుకుతడు."

ఉన్న ఒక్క పోగునూ చేతిలోకి తీసుకుంది. తన కొస వైపు చూసింది. అతని కొస వైపు చూసింది.

అతని కొసకే ముడి వేసింది.

బయట ఆటో ఆగిన చప్పుడు. ఎవరో దిగుతున్నారు... ఎవరో.

ఆమె కొస ఒక్కటే మిగిలింది. గాలి లేదు. అయినా వణుకుతోంది.